నీటికాసులు

నొప్పి పుట్టుంటే ఎప్పుడో వచ్చుండేవాణ్ణి డాక్టరమ్మా.
ముల్లు దిగితే కాలు చెప్తుంది,
పుచ్చితే పన్ను చెప్తుంది.
ఈ కన్ను మాత్రం
ఇంట్లో సామాను ఒక్కోటీ ఎవరో ఎత్తుకుపోతుంటే
గమ్మునుండింది.

ముందు పోయింది ఎడమపక్క గట్టు.
దారి కాళ్ళకి తెలుసు గదా, నాకు తెలీలా.
తర్వాత వెంగమ్మ చెయ్యి.
మజ్జిగ గ్లాసు ఆ వైపు నించి చాపితే
గాల్లోంచి ఊడిపడినట్టుండేది.
"పరాకెక్కువైంది నీకు" అనేది.
ఔననుకున్నాం ఇద్దరం.
అల్లూరు రోడ్డులో మేకపిల్ల బండికి అడ్డమొచ్చిన రోజు
తప్పు మేకదేనని
అరగంట వాదించినాను.

నెల్లూరులో, చీకటి గదిలో,
గడ్డం ఒక గిన్నెలాంటి దాంట్లో పెట్టించి
చేతికి బొత్తామిచ్చింది షాహీనా డాక్టరమ్మ.
"చుక్క వెలిగినప్పుడల్లా నొక్కు పెద్దాయనా."
నొక్కినాను.
ఆగినాను.
మిషను చెడిపోయిందేమోనని
చానాసేపు మర్యాదగా ఆగినాను.
చెడిపోలేదంట.
చుక్కలు వస్తానే ఉన్నాయంట.

కాగితం మీద చూపించింది నా ఎడమ కన్నుని:
పండిన ఉప్పుమడి మీదికి
కార్తీకపు ముసురు దిగినట్టుంది.

నీటికాసులు, అంది జబ్బు పేరు.
నవ్వొచ్చింది నాకు.
నీళ్ళని కాసులు చెయ్యడమే గదమ్మా మా పని,
ఇస్కపల్లి కొఠార్లలో, మా నాయన నాటి నించి.
సముద్రాన్ని మడిలోకి పిల్చి
ఎండకి అప్పజెప్పి
తెల్లారేసరికి తెలుపు గోక్కుంటాం.
ఆ తెలుపు కళ్ళల్లోకి ఎగదన్నేది.
నల్లద్దాలు పెట్టుకోమంటే
సినిమావోళ్ళమా అని నవ్వుకున్నాం.
ఎర్రబడినప్పుడల్లా మందుల షాపులో
చీటీ లేకుండా ఏవో చుక్కలు కొని పోసుకున్నాం,
నెలలకి నెలలు.
ఇది విన్నప్పుడు మాత్రం
ఆమె రాస్తున్న కలం ఆగింది.

"పోయింది రాదు. మిగిలింది నిలుపుకుందాం.
రాత్రికొక చుక్క, బతికినన్నాళ్ళూ మానకుండా.
తోడబుట్టినవాళ్ళు ఉన్నారా?"

ఉన్నాడు.
ఆ ఒక్క మాట చెప్పడానికి
గోడ గడియారం వైపు చూడాల్సొచ్చింది.

"ఇది ఇంటి వరసలో నడుస్తుంది. ఆయన కూడా చూపించుకోవాలి.
తెలిసేదాకా ఆగితే, ఆగినంతా పోయినట్టే."

మాలకొండయ్యా,
పదకొండేళ్ళు మనకి మాటల్లేక.
జానెడు గట్టు.
నువ్వు జరిపినావని నేను, నేను జరిపినానని నువ్వు,
మధ్యలో సర్వేయరు, గొలుసు, మూడు వాయిదాలు,
నాయన తద్దినం కూడా రెండు పొయ్యిల మీద.
బస్సులో కిటికీ పక్కన కూర్చోని లెక్కేసుకున్నా:
ఆ గట్టు నాకు ఎడమవైపుది గదరా.
అప్పటికే అది నాకు ఎంత కనపడిందో
ఎంత కనపడలేదో
ఏ సర్వేయరు కొలుస్తాడు?

సాయంత్రం నీ వాకిట్లో నిలబడినాను.
నీ మనవరాలు ఫోను ముక్కుకి ఆనించుకోని
బొమ్మ చూస్తా ఉంది, రెప్ప కొట్టకుండా.
నువ్వు మంచం మీద, వల బాగుచేస్తా.
తలెత్తలేదు.
నేను నిలబడింది నీకు పక్కవాటున.

నిన్నటిదాకా అయితే
చూసీ చూడనట్టున్నావని తిరిగొచ్చేవాణ్ణి.
ఇయ్యాళ ఆ మాటకి అర్థం మారిపోయింది.

నాలుగడుగులు నడిచి
నీ ముందుకొచ్చి నిలబడినాను.
ఉలిక్కిపడినావు,
మజ్జిగ గ్లాసుకి నేను పడినట్టే.

కోపమైతే రేపు మళ్ళీ పడదాం.
తొలి బస్సు ఆరుకి.
ఆ పిల్లని కూడా ఎత్తుకో,
దానికి బడిలో నల్లబల్ల కనపడతందో లేదో
దాన్నెవరు అడిగినారు?

గట్టు సంగతి
చుక్కలు లెక్కపెట్టినాక చూసుకుందాం.